మొదటి ఏడాది ప్రోగ్రామింగ్: తొమ్మిదో లైను సంగతి

బీటెక్ మొదటి ఏడాదికి 2018 ఏఐసీటీఈ నమూనా సిలబస్‌లో 'ప్రోగ్రామింగ్ ఫర్ ప్రాబ్లమ్ సాల్వింగ్' ఉంది. మన కాలేజీల్లో ఎక్కువగా సీ భాషలో చెబుతారు: లూపులు, అర్రేలు, ఫంక్షన్లు, పాయింటర్లు. కంప్యూటర్ ముందే వచ్చి ఉండాలన్న షరతు లేదు. క్లాసు మాత్రం వచ్చినట్టే నడుస్తుంది. సంక్షేమ హాస్టళ్లలో ఉండి తెలుగు మీడియంలో చదివొచ్చిన మన పిల్లలను ల్యాబ్‌లో ముందు ఆపేది ఇంగ్లీషు ఎర్రర్ మెసేజ్. పదో లైనులో తప్పుందంటే అక్కడే వెతుకుతారు. సెమికోలన్ పోయింది చాలాసార్లు తొమ్మిదో లైనులో. ఈ ఒక్క మాట చెప్పేవారు లేక 'మనకు రాదు' అనుకుంటారు. పైథాన్ 3లో అయితే వేరియబుల్‌కు 'కూలి' అని తెలుగులోనే పేరు పెట్టొచ్చు (ఇఫ్, ఫర్ మాత్రం ఇంగ్లీషే). సాయంత్రాలు ల్యాబ్ తెరవాలని, మామూలు ఎర్రర్ల అర్థం తెలుగులో గోడకు అంటించాలని ఎస్సీ, ఎస్టీ సెల్‌ను రాతపూర్వకంగా అడుగుదాం.