మాన్పుటయు, మౌనపరచుటయు

వైద్యచరిత్రలో ‘మాన్పుట’ అను మాటకు అన్నివేళల ఒకే అర్థము లేదు. మెదడుపై జరిగిన శస్త్రచికిత్సల కథయే ఇందుకు నిదర్శనము.

1935లో లిస్బన్ నగరమున ఎగాస్ మోనిజ్ అను వైద్యుడు మనోరోగుల మెదడు ముందుభాగమునందలి తంతువులను నాశనము చేయు పద్ధతిని ఆరంభించెను. 1949లో అతనికి నోబెల్ బహుమానము లభించెను; మరుసటి సంవత్సరమే సోవియట్ ప్రభుత్వము ఆ చికిత్సను నిషేధించెను. అమెరికాలో వాల్టర్ ఫ్రీమన్ 1946 నుండి కంటిగూటి మీదుగా మొనదేలిన పరికరమును దూర్చి ఇదే పని కావించెను. పిల్లలను సైతము అతడు విడువలేదు. రోగి అలజడి అణగినచో రోగమే అణగెనని పలువురు తలచిరి.

మన దేశమునకును ఈ చరిత్రతో సంబంధము కలదు. 1950లో మద్రాసున నాడీశస్త్రవైద్యమునకు పునాది వేసిన బి. రామమూర్తియు, ఆయన సహచరులును, తీవ్రమైన అలజడి గల రోగులకు మెదడులోని బాదంగింజవంటి భాగమును సూక్ష్మముగా ధ్వంసము చేయు చికిత్స జరిపిరి. 28 ఏండ్లలో జరిగిన 603 శస్త్రచికిత్సల వివరములను ఆయన 1988లో ప్రకటించెను. అవి ఆటిజమునకై ఉద్దేశింపబడినవి కావు. ఆ వైద్యులే వానికి ‘శాంతింపజేయు శస్త్రచికిత్స’ అని పేరిడిరి. ఆ పేరు నిజాయితీ గలది: అది శాంతిని వాగ్దానము చేసినది గాని స్వస్థతను కాదు. అయితే ఆ శాంతి ఎవరికి? రోగికా, చుట్టునున్నవారికా?

1943లో లియో కానర్ 11 మంది పిల్లల వృత్తాంతములతో వర్ణించిన ఆటిజము, మెదడులో ఒక మూలనున్న గడ్డ కాదు. పుట్టుకకు పూర్వమే ఆరంభమై, మెదడు అల్లికయంతటను వ్యాపించిన భిన్నత్వమది. గడ్డను తొలగింపవచ్చును, గడ్డకట్టిన నెత్తురును తీయవచ్చును, మూర్ఛకు మూలమైన చోటును కొందరిలో కోసివేయవచ్చును. ఆటిజము గల బిడ్డకు మూర్ఛయు ఉన్నచో, శస్త్రముచే తగ్గునది మూర్ఛయే. స్వభావమును వెదకి పట్టుటకు కత్తికి చోటు లేదు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఆటిజమును పేర్కొన్నది. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము, వ్యక్తి సమ్మతియు మండలి ఆమోదమును లేక మనోరోగమునకై మెదడుపై శస్త్రచికిత్స చేయరాదని శాసించినది. మాట నేర్పుట, చదువు చెప్పుట, ఓపికతో తోడుండుట మనకు సాధ్యమే. బిడ్డను మౌనపరచి మాన్పితిమనుకొనుట మాత్రము చరిత్ర మన్నింపని పొరపాటు.