కడుపులో సూక్ష్మజీవి, మనసులో దిగులు, తీరని అజీర్తి

సాయంత్రం మా సంఘం కార్యాలయంలో నలుగురు పెద్దలు కూర్చుంటే, వారిలో ఒకరైనా "తిన్నది అరగడం లేదండీ, అంతా గ్యాసే" అంటారు. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రను ఏళ్ల తరబడి మింగుతున్నవారూ ఉన్నారు. ఈమధ్య సభ్యులొకరు ఎండోస్కోపీ చేయించుకుని వచ్చి, "ఏమీ లేదన్నారు. మరి నా బాధ అబద్ధమా?" అని అడిగారు. అబద్ధం కాదు. ఎందుకు కాదో మన కుటుంబాలందరి కోసం ఇక్కడ పొందుపరుస్తున్నాం.

సూక్ష్మజీవి సంగతి

కడుపులో పుండుకు కారం, కంగారులే కారణమని ఒకప్పుడు నమ్మేవారు. 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనే వైద్యులు రోగుల జీర్ణాశయం నుంచి తీసిన బాక్టీరియాను పెంచగలిగారు. దాని పేరు హెలికోబాక్టర్ పైలోరి. చాలామంది నమ్మకపోవడంతో 1984లో మార్షల్ తానే ఆ బాక్టీరియాను తాగి, జీర్ణాశయంలో వాపు తెచ్చుకుని చూపించారు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి లభించింది.

ఇది ఎక్కువగా చిన్నతనంలోనే, ఇంట్లోవారి నుంచో, శుభ్రత లేని నీటి వల్లో చేరుతుంది. చాలామందికి ఏ బాధా ఉండదు. కొందరికి అజీర్తి, కొందరికి పుండు, అరుదుగా క్యాన్సరు వస్తాయి.

శ్వాస పరీక్షతో, మల పరీక్షతో, లేదా ఎండోస్కోపీలో చిన్న ముక్క తీసి దీన్ని కనిపెడతారు. శ్వాస, మల పరీక్షలకు ముందు ఆమ్లం తగ్గించే మాత్రలు 2 వారాలు, యాంటీబయాటిక్స్ 4 వారాలు వాడకుండా ఉండాలి. లేకుంటే జబ్బు ఉన్నా లేదని రావచ్చు. ఏది ఆపాలన్నా డాక్టరును అడిగే ఆపండి. చికిత్స సాధారణంగా 14 రోజులు. నెమ్మదించిందని మధ్యలో మానరాదు. పూర్తయిన 4 వారాల తర్వాత మళ్లీ పరీక్ష చేయించుకోవాలి.

అన్నీ బాగున్నా అరగకపోతే

పరీక్షల్లో ఏ లోపమూ కనబడకపోయినా కొద్దిగా తినగానే కడుపు నిండిపోవడం, తిన్నాక బరువు, పైకడుపులో నొప్పి, మంట నెలల తరబడి ఉంటే దాన్ని ఫంక్షనల్ డిస్పెప్సియా అంటారు. వాంతులు, విరేచనాలు పెట్టిన ఇన్‌ఫెక్షను తగ్గిపోయాక కూడా కొందరికి ఇది మిగిలిపోతుంది. పైలోరిని తొలగించినా కొద్దిమందికే పూర్తి ఉపశమనం దొరుకుతుంది. మిగతావారి విషయంలో మనసు వైపు కూడా చూడాలి.

మెదడుకూ కడుపుకూ మధ్య వేగస్ నాడి ద్వారా రెండు వైపులా కబుర్లు నడుస్తుంటాయి. ఆందోళన ఉంటే కడుపు కదలిక మారుతుంది, చిన్న ఉబ్బరం కూడా పెద్ద నొప్పిగా తెలుస్తుంది. ఏళ్ల తరబడి అరగకపోతే మనసూ కుంగుతుంది. పైలోరియే దిగులు తెస్తుందని మాత్రం రుజువు కాలేదు. దిగులుకు వాడే కొన్ని మందులను డాక్టర్లు తక్కువ మోతాదులో కడుపు నరాల కోసం రాస్తారు. "నాకు పిచ్చి అనుకున్నారా" అని చీటీ పారేయకండి.

పైన చెప్పిన సభ్యులకు భార్య పోయినప్పటి నుంచి నిద్ర లేదు. ఆ మాట డాక్టరుకు చెప్పనే లేదు. "కడుపు డాక్టరుకు అదెందుకు?" అనుకున్నారట. ఇంకో సంగతీ ఉంది. మన పెద్దలు బజారులో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో ధారాళంగా మాట్లాడతారు. దిగులు చెప్పుకోవాలంటే మాత్రం తెలుగే కావాలి. అందుకని ఆసుపత్రికి పిల్లల్లో ఒకరు తోడు వెళ్లండి. నిద్ర, ఆకలి, దిగులు, వాడుతున్న నొప్పి మాత్రలు అన్నీ ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. నొప్పి మాత్రలు కూడా పుండుకు కారణమవుతాయి. మనసు బాధకు కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

ఆలస్యం చేయకూడనివి

బరువు తగ్గడం, నల్లటి విరేచనం, రక్తపు వాంతి, మింగడం కష్టం కావడం, రక్తహీనత, పెద్ద వయసులో కొత్తగా మొదలైన అజీర్తి. వీటిలో ఏది ఉన్నా వెంటనే డాక్టరును కలవాలి. ఛాతీలో బరువు, చెమటలు, చేతికి పాకే నొప్పి వస్తే గ్యాసని కూర్చోక నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఆ సభ్యులు వచ్చే వారం మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్తున్నారు. ఈసారి కాగితం మేమే దగ్గరుండి రాయించాం. మీ ఇంట్లోనూ ఒకటి రాయించండి.