పాటల సీడీలో వచ్చి పాగా వేసింది

2005 అక్టోబర్ చివరి రోజులు. అమెరికాలో మార్క్ రస్సినోవిచ్ అనే ప్రోగ్రామర్ రూట్‌కిట్ రివీలర్ అనే టూల్ కొత్త వెర్షన్‌ను సొంత కంప్యూటర్ మీద నడిపి చూస్తున్నాడు. విండోస్ లోగుట్టు మీద పుస్తకం రాసిన మనిషి. కనపడిందల్లా డౌన్‌లోడ్ చేసే రకం కాదు. అయినా స్కాన్ పూర్తయ్యేసరికి తెర మీద ఉండకూడనివి ఉన్నాయి. దాచిపెట్టిన ఫోల్డరు ఒకటి, డ్రైవర్లు కొన్ని, ఒక ప్రోగ్రాం. వాటి పేర్లు చూస్తే చాలావాటికి ఒకే ఇంటిపేరు: $సిస్$.

ఇలా దాక్కున్నవాటిని ఆ టూల్ పట్టుకునే పద్ధతి వింటే సులువుగానే ఉంటుంది. డిస్కులో ఏమేం ఫైళ్లున్నాయని మొదట విండోస్‌నే అడుగుతుంది. తర్వాత విండోస్‌తో పని లేకుండా డిస్కును తనే నేరుగా చదువుకుంటుంది. రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి చూస్తుంది. డిస్కులో ఉన్న ఫైలు గురించి విండోస్ మాట్లాడకపోతే, ఎవరో దాని నోరు నొక్కారన్నమాట. విండోస్ మాట నమ్మి వెతికే యాంటీవైరస్‌కు ఇలాంటివి ఎన్నటికీ చిక్కవు.

నోరు నొక్కింది ఎవరు? రస్సినోవిచ్ విండోస్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ లోపలికి వెళ్లి చూశాడు. ప్రోగ్రాములు అడిగే పనులను ఎక్కడికి పంపాలో రాసి ఉండే పట్టికలో కొన్ని చిరునామాలు మారిపోయి, ఏరీస్ అనే డ్రైవర్ వైపు చూపిస్తున్నాయి. $సిస్$తో మొదలయ్యే దేన్నయినా ఆ డ్రైవర్ మాయం చేస్తోంది. నమ్మకం కుదరక నోట్‌ప్యాడ్‌కు ఒక కాపీ తీసి, దాని పేరు ముందు ఆ గుర్తు తగిలించాడు. కాపీ కళ్లముందే మాయమైంది! తన సామాను దాచుకోవడానికి వేసిన తెర వెనక ఎవరైనా దూరొచ్చని దీనర్థం.

ఏరీస్‌ను పక్కకు తప్పించి రీబూట్ చేస్తే దాక్కున్నవన్నీ బయటపడ్డాయి. ఫైళ్ల మీద కంపెనీ పేరు ఉంది: ఫస్ట్ 4 ఇంటర్నెట్. బ్రిటన్ సంస్థ. సీడీలు కాపీ కాకుండా కాపలా కాసే సాఫ్ట్‌వేర్‌ను సోనీ లాంటి సంగీత సంస్థలకు అమ్మేది. అప్పుడు వెలిగింది, ఈమధ్యే కొన్న వాన్ జాంట్ సోదరుల ఆల్బం సంగతి. సోనీ బీఎంజీ సీడీ. దాంట్లోని ప్లేయర్‌తో తప్ప కంప్యూటర్‌లో వినడానికి వీల్లేదు, మూడుకు మించి కాపీలు తీయనివ్వదు. ఆ ప్లేయర్ నడిపి చూస్తే, దాక్కున్న ప్రోగ్రాం దానితో మాట్లాడుతూ పట్టుబడింది. అంతా చేసి తాళం చెవి చేతికిచ్చింది తనే, డబ్బులిచ్చి మరీ.

ఆ ప్రోగ్రాం పెట్టుకున్న మారుపేరు ప్లగ్ అండ్ ప్లే డివైస్ మేనేజర్. విండోస్ సొంత సరుకే అనుకుని ఎవరూ ముట్టుకోకూడదని. పాట వింటున్నా వినకపోయినా, రెండు సెకన్లకోసారి నడుస్తున్న ప్రోగ్రాములన్నిటినీ తడిమి చూసేది. ఇదంతా చేస్తామని లైసెన్సు ఒప్పందంలో ఒక్క ముక్క లేదు. అన్‌ఇన్‌స్టాల్ చేద్దామంటే జాబితాలో పేరే లేదు.

చేత్తో పీకడం మొదలుపెట్టాడు. ప్రోగ్రాం ఆపి, ఫైళ్లు, రిజిస్ట్రీ ఎంట్రీలు చెరిపేశాడు. ఆ పనిలోనే ఇంకో సంగతి బయటపడింది: కంప్యూటర్ మొరాయించినప్పుడు ఆదుకునే సేఫ్ మోడ్‌లో కూడా ఈ డ్రైవర్లు లోడయ్యేలా ఏర్పాటుంది. రీబూట్ చేశాడు. ఈసారి ఏకంగా సీడీ డ్రైవే కనిపించలేదు! డ్రైవ్‌కూ విండోస్‌కూ మధ్య ఈ సాఫ్ట్‌వేర్ తన డ్రైవర్లను ఇరికించుకుంది. ఫైళ్లు పోయినా వాటిని పిలిచే ఎంట్రీలు కొన్ని రిజిస్ట్రీలో ఇంకా మిగిలాయి. అడ్మినిస్ట్రేటర్ హోదాకు కూడా లొంగని ఆ ఎంట్రీలను, రిజిస్ట్రీ ఎడిటర్‌ను సిస్టమ్ ఖాతా కింద నడిపి తొలగించాక డ్రైవ్ తిరిగొచ్చింది. ఇంతటివాడికే ఇంత అవస్థయితే, పాటల కోసం సీడీ కొన్న ఇల్లాలి గతేమిటి?

అక్టోబర్ 31న ఆయన ఇదంతా లోకానికి చెప్పాడు. నాలుగు రోజులకే మరో ముక్క: ఈ ప్లేయర్ ఏ ఆల్బం పెట్టారో ఆ గుర్తింపు సంఖ్యను సోనీ సర్వర్‌కు చేరవేస్తోంది. నవంబర్ రెండో వారానికి $సిస్$ తెర చాటున దాక్కునే ట్రోజన్లు దిగాయి. సోనీ ఇచ్చిన విరుగుడు మరీ ఘోరం. దాన్ని వేసుకున్న కంప్యూటర్‌లోకి ఏ వెబ్‌సైటయినా చొరబడేంత కంత మిగిలిందని ప్రిన్స్‌టన్ పరిశోధకులు తేల్చారు. చివరికి సీడీలు వెనక్కి తెప్పించారు, టెక్సాస్ రాష్ట్రం కోర్టుకెక్కింది. 2007 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో సోనీ బీఎంజీ రాజీ పడింది. ఈ సాఫ్ట్‌వేర్‌ను తీసేయబోయి కంప్యూటర్ పాడుచేసుకున్నవాళ్లకు 150 డాలర్ల దాకా ఇవ్వడానికి ఒప్పుకుంది.

మీ కంప్యూటర్‌లో కెర్నెల్ దాకా దిగిన చొరబాటుదారు ఉన్నట్టు తేలితే రస్సినోవిచ్‌లా ఫైళ్లు పీకే సాహసానికి పోవద్దు. ఫొటోలు, కాగితాలు వేరే డిస్కులోకి తీసుకుని, శుభ్రమైన ఇంకో కంప్యూటర్ నుంచి పాస్‌వర్డులు మార్చి, డిస్కు మొత్తం తుడిచి విండోస్ కొత్తగా వేయించుకోండి.