వృత్తిపదకోశం నుండి కాటేదాన్ వరకు

భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రాచార్యులయ్యారు. ఆయన సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటాన్ని, వ్యవసాయ పదాలతో, అదే ఏట వెలువరించింది. చేనేత పదాల సంపుటం 1971లో వచ్చింది. నాగలిలో మేడి, నొగ, కర్రు ఎక్కడ ఉంటాయో, ఏ పనిచేస్తాయో తెలియనిదే ఆ పదాలకు అర్థనిర్ణయం సాధ్యం కాదు. కనుక భాషాశాస్త్రం ఇక్కడ వ్యవసాయ, సాంకేతిక పరిజ్ఞానాలతో కలిసి నడవవలసివచ్చింది. బహుశాస్త్రాధ్యయనానికి తెలుగులో బలమైన పునాది ఇదే.

అయితే ఈ కోశం తరతరాల వృత్తిని, స్థిరపడిన గ్రామాన్ని ఆధారం చేసుకొన్నది. హైదరాబాదు దక్షిణ అంచున ఉన్న కాటేదాన్ పారిశ్రామికవాడలో తెలుగు, దక్కనీ ఉర్దూ, వలసకార్మికుల హిందీ ఒకే యంత్రం చుట్టూ కలుస్తాయి. అక్కడ వృత్తిపదం ఏ ఒక్క భాషకూ, కులానికీ చెందదు. కార్మికుడు ఊరు మారితే పదమూ తరలిపోతుంది. కావున వృత్తిపదసేకరణకు మాండలిక పరిజ్ఞానంతోపాటు వలసల చరిత్ర, శ్రమ సమాజశాస్త్రం కూడా నేడు అనివార్యం.