తెలుగు 'అ' ప్రింట్ అవుతుందా? సి లాంగ్వేజ్ ఏమంటుందో చూద్దాం

సి లాంగ్వేజ్‌లో ఇజ్‌ప్రింట్ అనే ఫంక్షన్ ఉంది. ఒక క్యారెక్టర్ ఇస్తే, అది కనిపించేదా కాదా అని చెప్తుంది. ఇంగ్లిష్ 'ఎ' ఇస్తే అవునంటుంది. మన తెలుగు 'అ'ని ఒక్కో బైట్‌గా ఇచ్చామనుకోండి, మామూలుగా మూడుసార్లూ కాదనే అంటుంది! ఎందుకలా? దీని వెనకాల పెద్ద కథే ఉంది.

అప్పట్లో స్క్రీన్లు లేవు, టెలిప్రింటర్లు ఉండేవి. వైరు మీద వచ్చిన కోడ్‌ని కాగితం మీద టైప్ చేసే మిషన్లన్నమాట. వాటికి అక్షరాలు మాత్రమే పంపితే సరిపోదు. లైను మార్చు, మళ్లీ మొదటికి రా, గంట కొట్టు... ఈ ఆర్డర్లు కూడా అదే వైరులో వెళ్లాలి. అందుకే 1963లో అమెరికాలో వచ్చిన ఆస్కీ కోడ్‌లో రెండు రకాలూ పెట్టారు. మొత్తం 128 కోడ్‌లు. ఇప్పుడు మనం వాడే పట్టికలో 0 నుంచి 31 వరకు ఆర్డర్లు. 32 నుంచి 126 వరకు ప్రింట్ అయ్యేవి, స్పేస్‌తో కలిపి 95.

మరి చివరి 127? అది డిలీట్. పేపర్ టేపు మీద ఒకసారి పడిన రంధ్రాన్ని పూడ్చలేం కదా! అందుకే తప్పు పడితే ఆ వరుసలో ఏడు రంధ్రాలూ కొట్టేసేవాళ్లు. ఏడు బిట్లూ ఒకట్లైతే వచ్చేది 127.

బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన సి, ఈ విభజననే తీసుకుంది. 1979 నాటి యూనిక్స్ ఏడో ఎడిషన్‌లోనే ఇజ్‌ప్రింట్ ఉంది. లోపల చేసే పని చిన్నదే: ఒక పట్టికలో చూసి జవాబు చెప్పడం.

తర్వాత 1991లో యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగు చేరింది. 1992లో యూటీఎఫ్-8 వచ్చింది. అందులో 'అ' అంటే 224, 176, 133 అనే మూడు బైట్లు. ఇజ్‌ప్రింట్ చూసేది ఒక్క బైట్‌నే. ముక్కని చూసి అక్షరాన్ని ఎలా గుర్తుపడుతుంది చెప్పండి?

ఇక్కడే అసలు ప్రమాదం. 'పిచ్చి క్యారెక్టర్లు తీసేద్దాం' అని ఎవరో ఇజ్‌ప్రింట్‌తో ఫిల్టర్ రాస్తారు. ఫామ్‌లో తెలుగులో కొట్టిన పేరు మొత్తం మాయమైపోతుంది, ఎర్రర్ కూడా రాదు!

దారి ఉంది. ముందు సెట్‌లోకేల్‌తో యూటీఎఫ్-8 లోకేల్ పెట్టండి. బైట్లని కలిపి పూర్తి క్యారెక్టర్‌గా మార్చండి. అప్పుడు ఇజ్‌డబ్ల్యుప్రింట్‌ని అడగండి. 1995లో సి స్టాండర్డ్‌కి చేర్చింది ఇందుకే. ఇజ్‌ప్రింటే వాడాల్సి వస్తే, విలువని అన్‌సైన్డ్ క్యార్‌గా మార్చి ఇవ్వండి. మైనస్ విలువ వెళ్తే ప్రోగ్రామ్ ఎలా ప్రవర్తిస్తుందో ఎవరూ గ్యారంటీ ఇవ్వరు.

ఈసారి కోడ్ రాసినప్పుడు టెస్టింగ్‌కి మీ అమ్మ పేరు తెలుగులో ఇచ్చి చూడండి. ఆ పేరు చెక్కుచెదరకుండా బయటికొస్తే మీ ఫిల్టర్ పాసైనట్టే. మళ్లీ కలుద్దాం!