బడిలో బలహీనునికి అండ

బడికి బయలుదేరు వేళ పిల్లవాడు కడుపునొప్పి యన్నచో సోమరితన మని తలంతుము. తోటిపిల్లల వేధింపునకు వెరచి యట్లనునేమో యని విచారించువారు తక్కువ. "పిల్లలన్న తరువాత కొట్టుకొనకుందురా!" యని పెద్దలు చిరకాలము ఈ బాధను త్రోసివేసిరి.

1969లో స్వీడన్ దేశమున పీటర్ పాల్ హైనెమాన్ అను వైద్యుడు దీనిని బహిరంగ చర్చకు తెచ్చెను. ఒక్కనిపై గుంపు విరుచుకుపడుటయే వేధింపని ఆయన భావము. డాన్ ఓల్వేయస్ అను మనస్తత్త్వవేత్త 1973లో తన పరిశోధన ప్రకటించి, వేధించువారు తరచు ఒకరిద్దరే యని చూపెను. కావలెనని చేయుట, మాటిమాటికి చేయుట, ఉభయుల బలములో హెచ్చుతగ్గులుండుట - ఈ మూడును వేధింపునకు గుర్తులని ఆయన నిర్ణయించెను.

1982లో నార్వే ఉత్తరభాగమున ముగ్గురు బాలురు ఆత్మహత్య చేసికొనిరి. తోటివారి వేధింపే కారణమై యుండునని తెలిసి దేశమంతయు కలత చెందెను. 1983లో ప్రభుత్వము దేశవ్యాప్తముగా ప్రచారోద్యమము నారంభించెను. ఏడుగురు పిల్లలలో ఒకరు బాధితుడుగనో బాధించువాడుగనో ఉన్నట్లు అప్పటి సర్వేలో తేలెను. బెర్గెన్ నగరమున 42 పాఠశాలలలో సుమారు 2,500 మంది పిల్లలను పరిశీలింపగా వేధింపు రమారమి సగమునకు తగ్గినది. తరువాత ఇతర దేశములలో ఫలితము అన్నిచోట్ల అంతగా కనబడలేదు. కాని మార్గము తెరువబడినది.

ఇందు పాఠశాలా కౌన్సెలరుకు చోటెక్కడ? 1908లో బోస్టన్ నగరమున ఫ్రాంక్ పార్సన్స్ యువకులకు వృత్తి నెన్నుకొనుటలో తోడ్పడు కార్యాలయమును నెలకొల్పెను. కౌన్సెలరు పదవి అట్టి మార్గదర్శకత్వము నుండి పెరిగినదే. నేడు ఆ కౌన్సెలరు బాధితుని ఏకాంతమున కూర్చుండబెట్టుకొని, తప్పు నీది కాదని ధైర్యము చెప్పును. జరిగినదానిని తేదీలతో వ్రాసికొనును. వేధించినవానితో వేరుగా మాటలాడును. ఉభయుల తల్లిదండ్రులను పిలిపించును. కొన్నివారములైన పిమ్మట మరల విచారించును.

ఇద్దరిని ఎదురెదురుగా నిలిపి రాజీ చేయుట న్యాయముగా తోచవచ్చును. కాని సమానులమధ్య తగవునకే రాజీ తగును. బలవంతుని యెదుట బలహీనుడు నోరు విప్పలేడు. విప్పినచో ఆ సాయంకాలమే దాని ఫలము ననుభవించును.

బడిలో కౌన్సెలరు లేకున్నను ఇంట తల్లిదండ్రులు కలరు. రేపు పిల్లవాడు బడికి వెళ్ళనన్నచో, కసరుటకు ముందు కారణ మడుగుడు. చెప్పువరకు ఓపికతో వినుడు.