కుక్కుట శాస్త్రం నిజమైతే బాదంపప్పు ఎందుకు?

జిప్‌మెర్‌లో వైద్యం చదువుతున్న మా బంధువుల అబ్బాయి సంక్రాంతికి యానాం వెళ్ళొచ్చి, గోరిమేడులో మా ఇంటికొచ్చాడు. "పెదనాన్నగారూ, మావాళ్ళు కుక్కుట శాస్త్రం చూసే డేగని బరిలోకి దింపారు. అయినా ఓడింది" అన్నాడు. నాకు మా మేనమామ గుర్తొచ్చాడు. ఆ శాస్త్రాన్ని నమ్మే ఆయన అరెకరం పొలం పోగొట్టుకున్నాడు.

ఏ తిథిన, ఏ నక్షత్రంలో ఏ రంగు కోడి గెలుస్తుందో చెప్పే పుస్తకమది. కాకా, డేగా, నెమలా? డిఫెన్స్ అకౌంట్స్‌లో పనిచేసిన నాకు ఒకటే సందేహం. గెలుపు నక్షత్రం చేతిలో ఉంటే బాదంపప్పు పెట్టడం, ఈత కొట్టించడం, మేలుజాతి పుంజు కోసం ఊళ్ళు తిరగడం, ఇంత ఖర్చెందుకు? నోటితో ఏమన్నా, పందెంరాయుళ్ళు డబ్బు పెట్టేది వంశం మీద, తిండి మీద. అంటే జన్యువుల మీద, శక్తి మీద!

ఆ శక్తి లెక్క తేల్చినవారిలో ఒకరు కోడిపందేలకు పేరుపడ్డ భీమవరంలోనే పుట్టారు. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948). హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతి ప్రకటించారు. 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని చూపారు. కండరం పనిచేస్తే అది తరుగుతుంది, విశ్రాంతి దొరికితే మళ్ళీ చేరుతుంది. మా ఆఫీసు భాషలో ఇంప్రెస్ట్ సొమ్ము! 1929లో ఏటీపీని కూడా వేరుచేశారు. కోడి ఎగిరి తన్నే క్షణంలో ఖర్చయ్యేది ఈ నిల్వే.

మరి ఒకే పెట్ట పిల్లల్లో ఒకటి ఎగబడుతుంది, ఒకటి పారిపోతుంది. ఎందుకు? తల్లిదండ్రుల నుంచి వచ్చే జన్యువుల వాటా ఒక్కో పిల్లకి ఒక్కోలా ఉంటుంది. ఊరికే కూర్చున్నప్పుడు ఒంటికయ్యే శక్తి ఖర్చు కూడా ఒకే జాతిలో జంతువుకీ జంతువుకీ తేడాగా ఉంటుంది. ఆ ఖర్చుకీ దూకుడుకీ సంబంధం చాలా జంతువుల్లో కనిపిస్తోందని బిరో, స్టాంప్స్ అనే శాస్త్రవేత్తలు 2010లో అధ్యయనాలు క్రోడీకరించి రాశారు. అయితే అన్ని జంతువుల్లోనూ కాదు. తిండి, పెంపకం, అనుభవం కూడా కలుస్తాయి. జన్యువులు తలరాతలు కావు.

అందుకే ఏ శాస్త్రవేత్తా ఫలానా కోడి గెలుస్తుందని రాసివ్వడు. రాసిచ్చిన పుస్తకాన్ని నమ్మే మా మామయ్య పొలం పోయింది.

"సుబ్బారావుగారి పద్ధతి మాకు పాఠంలో ఉంది. ఆయనది భీమవరమని తెలీదు" అన్నాడు కుర్రాడు. నక్షత్రం చూసి గెలిచిన కోళ్ళ కథలు మాత్రం వాడికి చిన్నప్పటినుంచీ తెలుసు. ఓడినవాటి లెక్క ఎవరూ రాయరు కదా!